నెత్తురు పలచబడే నెలలు

ఐదో నెల రక్తపరీక్ష రిపోర్టు అందగానే మా మనవరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, రెండో నెలలో హిమోగ్లోబిన్ 12.6 ఉంది. ఇప్పుడు 11.1కి దిగిపోయింది. పక్కనే 'తక్కువ' అని లావు అక్షరాల్లో అచ్చేసి ఇచ్చారు. రోజూ ఆకుకూర తింటున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను. మరి నా రక్తం ఎక్కడికి పోతోంది?" అంది దిగులుగా. రిపోర్టు ఫొటో పంపమన్నాను. కుడివైపు గడిలో, ఉండాల్సిన అంకెలంటూ 12 నుంచి 15 అని ఉంది.

ఆ గడిలో ఉన్నవి కడుపుతో లేని ఆడవాళ్ల అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణికి రక్తహీనత అని చెప్పేది డెసీలీటరుకు 11 గ్రాముల కన్నా, నడిమి మూడు నెలల్లో అయితే 10.5 కన్నా తగ్గినప్పుడే. లాబ్‌లోని యంత్రానికి ఈ రక్తం ఎవరిదో తెలియదు. వయసు, ఆడా మగా అన్న వివరాలు చూసి అంకె కొట్టి ఇచ్చేస్తుంది. అందుకే, "నీ రక్తం ఎక్కడికీ పోలేదమ్మా, పెరిగింది" అన్నాను. ఫోన్లో ఓ క్షణం మాట లేదు.

యాభై కిలోల అమ్మాయి ఒంట్లో దాదాపు మూడున్నర లీటర్ల రక్తం ఉంటుంది. నెలలు నిండేసరికి దానికి మరో లీటరుంబావు, లీటరున్నర కలుస్తుంది. అయితే రక్తంలో రెండు పాళ్లున్నాయి. ఒకటి ప్లాస్మా, అంటే నీటి భాగం. రెండోది అందులో తేలే కణాలు, ముఖ్యంగా ఎర్ర కణాలు. గర్భిణిలో ప్లాస్మా నూటికి నలభై అయిదు, యాభై వంతులు పెరిగితే, ఎర్ర కణాలు ఇరవై, ముప్ఫై వంతులే పెరుగుతాయి. రెండూ పెరిగాయి గాని ఒకే కొలతలో పెరగలేదు. ఇంటికి చుట్టాలొచ్చారని గిన్నెలో ఇంకో గరిటె పెరుగు వేసి, దానికి మించి చెంబెడు నీళ్లు పోసి మజ్జిగ చేశామనుకో. గిన్నెలో పెరుగు మునుపటి కన్నా ఎక్కువే ఉంటుంది, గ్లాసులో పోసి చూస్తే మాత్రం మజ్జిగ పలచగా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చూసేది గ్లాసునే, గిన్నెను కాదు.

ఈ నీళ్లు ఎక్కడివి? నెల తప్పిన తొలి వారాల్లోనే హార్మోన్ల ప్రభావంతో ఒళ్లంతా రక్తనాళాలు వదులవుతాయి. నాళాలు వెడల్పయ్యేసరికి ఉన్న రక్తం చాలదు, బీపీ కాస్త దిగుతుంది. మూత్రపిండాలు ఆ సంగతి పసిగట్టి, బయటికి పంపాల్సిన ఉప్పులోనూ నీటిలోనూ కొంత లోపలే ఆపుతాయి. అలా నెలనెలా చేరి ప్లాస్మా పెరుగుతుంది. పాత రోజుల్లో చూలాలి కాళ్లు వాచాయంటే ఉప్పు మాన్పించేవారు. ఇప్పుడు మామూలుగా ఉన్న గర్భిణికి ఉప్పు కట్టడి చేయమని వైద్యులు చెప్పడం లేదు. ఒళ్లు కావాలని దాచుకుంటున్నదాన్ని మనం లాక్కోవడమెందుకు?

కావాలని అనడానికి కారణముంది. మామూలు రోజుల్లో గర్భసంచికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందితే చాలు. నెలలు నిండేనాటికి అదే సంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్లు అందాలి. అక్కడ మావిలో తల్లి రక్తం నెమ్మదిగా పారుతూ బిడ్డ వేళ్ల చుట్టూ, అంటే మావిలోని సన్నటి కొనల చుట్టూ తిరిగి రావాలి. చిక్కటి రక్తం కన్నా పలచటి రక్తానికి ఆ దారి సులువు. ఇక రెండోది కాన్పు. మామూలు కాన్పులో అర లీటరు దాకా నెత్తురు పోవచ్చు, ఆపరేషన్ అయితే అంతకన్నా ఎక్కువే. పలచబడ్డ రక్తం పోయినప్పుడు అందులో పోయే ఎర్ర కణాలు తక్కువ, పోగా మిగిలే రక్తం ఎక్కువ. ముందుగానే సమకూర్చుకున్న నిల్వ అది.

అందుకే చివరి నెలల్లో హిమోగ్లోబిన్ 13, 14 ఉందని సంబరపడిపోకూడదు. కొందరిలో అది మంచి తిండి వల్ల కాదు, ప్లాస్మా పెరగాల్సినంత పెరగకపోవడం వల్ల కావచ్చు. అలాంటి వాళ్లలో బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి డాక్టర్లు ఆ అంకెను కూడా జాగ్రత్తగా చూస్తారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది దాని సమయం. గుండె నిమిషానికి తోడే రక్తం గర్భిణిలో నూటికి ముప్ఫై నుంచి యాభై వంతులు పెరుగుతుంది. నాడి నిమిషానికి పది, ఇరవై సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. ఆ పెరుగుదలలో చాలా భాగం ఐదో నెల నిండేలోపే అయిపోతుంది. అప్పటికి కడుపులో బిడ్డ బరువెంత? దాదాపు మూడు వందల గ్రాములు. అరచేతిలో పట్టేంత బిడ్డ కోసం గుండె అప్పటికే నిండు నెలల పని చేస్తోంది! బిడ్డ అడిగాక సర్దుకోవడం కాదిది, అడగబోయేది తెలుసుకుని ముందే సిద్ధం కావడం. పొట్ట కనిపించక ముందే, మూడో నెలలోనే మెట్లెక్కితే ఆయాసం వస్తోందనే అమ్మాయిని "ఇంకా ఏమీ లేదుగా, అప్పుడే ఏంటి?" అని తీసిపారేయకండి. బయటికి కనిపించనప్పుడే లోపల పెద్ద పని జరుగుతోంది.

ఊపిరి సంగతీ అంతే. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మెదడులో శ్వాసను నడిపే చోటికి వెళ్లి, ఒక్కో ఊపిరి లోతుగా తీయమంటుంది. నిమిషానికి తీసే ఊపిరుల లెక్క పెద్దగా మారదు. ఒక్కో ఊపిరిలో వచ్చిపోయే గాలి మాత్రం పెరుగుతుంది. దాంతో తల్లి రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి 40 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గరికి దిగుతుంది. తల్లి రక్తంలో తక్కువ ఉంటేనే బిడ్డ రక్తంలోని ఆ వాయువు మావి దాటి ఇటు రాగలదు. తల్లి పడే ఆ చిన్న ఆయాసం బిడ్డ ఊపిరికి దారి తీస్తోందన్నమాట.

అలాగని ఆయాసమంతా మామూలే అనుకోవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, వెల్లకిలా పడుకోలేకపోయినా, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మన దేశంలో చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్న ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆ జబ్బు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి, రక్తం పెరిగి గుండె మీద భారం పడే ఈ నెలల్లోనే మొదటిసారి కనిపించడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయం.

మూత్రపిండాలు కూడా యాభై వంతులు ఎక్కువగా రక్తాన్ని వడపోస్తాయి. తొలి నెలల్లోనే మాటిమాటికీ బాత్‌రూముకి వెళ్లాల్సి రావడానికి అదొక కారణం. ఇంత వడపోత జరిగితే రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం తగ్గాలి. మామూలు మనిషికి 1.0 మంచి అంకే. అదే గర్భిణికి 1.0 వస్తే, యంత్రం పక్కన గుర్తు వేయకపోయినా డాక్టరు ఆగి ఆలోచిస్తాడు. అంటే కుడివైపు గడి రెండు రకాలుగానూ దారి తప్పిస్తుంది. భయపడక్కర్లేని చోట భయపెడుతుంది, భయపడాల్సిన చోట ఊరుకుంటుంది. తెల్లకణాలు పెరగడం, ఈఎస్ఆర్ పెరగడం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం కూడా గర్భంతో వచ్చేవే. గర్భం పేరు చెప్పి సర్దుకోలేని అంకె ఒకటుంది, అది బీపీ. 140/90 అంటే ఎన్నో నెలలోనైనా ఎక్కువే. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బితే మామూలే అనుకోవచ్చు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాయడం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారనీ చూద్దాం అనుకోకూడదు.

"ఇదంతా ఎవరు నడిపిస్తారు తాతయ్యా?" అంది మనవరాలు. చాలా భాగం మావి. మావి తల్లి ఒంటి భాగమని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి అది ప్రధానంగా బిడ్డ కణాలతోనే తయారవుతుంది. పిండం గర్భసంచిని అంటుకున్న కొద్ది రోజులకే హెచ్‌సీజీ అనే హార్మోన్ వదులుతుంది. మందుల షాపులో కొనే పరీక్ష పట్టీ మీద రెండో గీత వచ్చేది దాని వల్లే. వేవిళ్ల గుట్టు కూడా ఈ మధ్యే విప్పారు. 2023 డిసెంబరులో, మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఓ'రాహిలీ, వాళ్ల సహచరులు నేచర్ పత్రికలో చూపించినదేమంటే, బిడ్డ వైపు నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్ తల్లి మెదడులో వికారం పుట్టిస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఆ హార్మోన్ తక్కువగా ఉన్నవాళ్లకు అలవాటు లేక వాంతులు మరీ ఎక్కువవుతాయి. ఫెజో ఈ పరిశోధనకు దిగడానికి కారణం ఆమె సొంత కష్టం. విపరీతమైన వాంతులతో ఆమె 1999లో కడుపులో బిడ్డను పోగొట్టుకున్నారు. ఇప్పటికీ వేవిళ్లతో నీరసించిన కోడలిని చూసి "మేము కనలేదా!" అనేవాళ్లున్నారు. ఒకరి ఒంట్లో ఆ హార్మోన్ ఎంతుందో మరొకరు ఎలా చెప్పగలరు? నీళ్లు కూడా ఇమడకపోతే, మూత్రం తగ్గిపోతే సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి అది.

మావి చేసే ఇంకో పని తల్లి ఒంట్లో ఇన్సులిన్ పట్టు సడలించడం. రక్తంలో చక్కెర తల్లి కండరాలకు చేరకుండా కొంత ఆగితేనే బిడ్డకు చేరుతుంది. తల్లి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి నెగ్గుకొస్తుంది. నెగ్గలేకపోతే గర్భంతో వచ్చే షుగరు. మన దేశంలో దీన్ని కనిపెట్టే సులువైన పద్ధతి కోసం పాటుపడినవారిలో చెన్నై వైద్యుడు వి. శేషయ్య ముఖ్యులు. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు రక్తం తీసి చూడటం, 140 ఉన్నా, దాటినా షుగరని తేల్చడం. దూరం నుంచి బస్సెక్కి వచ్చిన గర్భిణిని పరగడుపున రాలేదని వెనక్కి పంపాల్సిన పని లేకుండా చేసింది ఈ పద్ధతి.

మళ్లీ రక్తం దగ్గరికి వద్దాం. ఎందుకంటే మనవరాలు అడగాల్సిన ప్రశ్నే అడిగింది. "రక్తం పలచబడటం మంచికే అయితే ఈ ఐరన్ మాత్రలెందుకు?"

పలచబడటం వేరు, ఇనుము చాలకపోవడం వేరు. ఎర్ర కణాలు ఇరవై, ముప్ఫై వంతులు పెరగాలన్నా వాటికి ఇనుము కావాలి. మొత్తం గర్భానికి దాదాపు ఒక గ్రాము ఇనుము పడుతుంది. మూడు వందల మిల్లీగ్రాములు బిడ్డకూ మావికీ, నాలుగైదు వందలు తల్లి కొత్త కణాలకూ, మిగతాది రోజువారీగా ఒంట్లోంచి పోయేదానికి. మన అమ్మాయిల ఒంట్లో నిల్వ ఉండేది బాగున్నప్పుడే మూడు వందల మిల్లీగ్రాములు. చాలామందికి అదీ ఉండదు. ఒళ్లు తన వంతు తాను చేస్తుంది. నెలసరి ఆగడంతో కొంత మిగులుతుంది. నెలలు గడిచేకొద్దీ పేగు తిండిలోంచి మునుపటికన్నా ఎక్కువ ఇనుమును లాక్కుంటుంది. అయినా చాలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో నూటికి 52 మందికి హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ ఉంది. సగానికి పైగా! ఇది పలచబడటం కాదు, లేమి.

ప్రభుత్వం ఇచ్చే ఆ ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఈ రెండో పేరు వెనక మన భీమవరం ఉందని ఎంతమందికి తెలుసు?

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. సూక్ష్మదర్శినిలో చూస్తే వాళ్ల ఎర్ర కణాలు తక్కువగా, కానీ మామూలు కన్నా పెద్దగా ఉన్నాయి. ఇనుము లోపంలో కణాలు చిన్నవవుతాయి, కాబట్టి ఇది వేరే జబ్బు. ఆమె ఆ స్త్రీలు ఏం తింటున్నారో ఆరా తీశారు, ఎలుకల మీద, కోతుల మీద అదే తిండి పెట్టి చూశారు. చివరికి మార్మైట్ అనే చవక పదార్థం పెడితే కోలుకోవడం కనిపించింది. బీరు తయారీలో మిగిలే ఈస్టుతో చేసే చిక్కటి, నల్లటి, ఉప్పటి ముద్ద అది. గర్భిణులకు ఇస్తే వాళ్లూ కోలుకున్నారు. 1931లో ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అందులో ఉన్న పదార్థమేమిటో అప్పటికి తెలియదు, అందుకే దాన్ని కొన్నేళ్లపాటు విల్స్ కారకం అనే పిలిచారు. 1941లో అమెరికాలో టన్నుల కొద్దీ పాలకూర నుంచి చిటికెడు ఫోలిక్ ఆమ్లం తీశారు. అలా తీస్తే ఏ గర్భిణికి అందుతుంది?

అక్కడికొస్తారు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లిన మనిషి. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన తోడబుట్టినవాణ్ని తీసుకుపోయింది. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గి మనిషి కుంగిపోయే జబ్బది. న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ పరిశోధనశాలకు పెద్దగా ఉండగా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. 1945లో ఆ వార్త ప్రపంచానికి తెలిసింది. స్ప్రూకీ, విల్స్ చూసిన గర్భిణుల రక్తహీనతకీ ఆ పదార్థమే మందయింది. బోదకాలుకు ఇచ్చే మందు కూడా ఆయన బృందం నుంచే వచ్చింది. 1948లో, యాభై మూడేళ్లకే వెళ్లిపోయారు. మన ఊళ్లలో ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి ఇచ్చే మాత్రల పట్టీలో ఆయన చేసిన పని ఉంది. ఇది మన పిల్లల పాఠాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలని నా కోరిక.

ఫోలిక్ ఆమ్లం చేసే మరో మేలు రక్తానికి సంబంధించింది కాదు. పిండంలో వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోనే మూసుకోవాలి. మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు. ఇంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే ఎక్కువ మోతాదులో ఫోలిక్ ఆమ్లం ఇస్తే నూటికి డెబ్బై పైగా ఆ ముప్పు తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిరూపించింది. ఇరవై ఎనిమిది రోజులంటే చాలామందికి నెల తప్పిందన్న అనుమానమైనా గట్టిపడని సమయం. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే, రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. మా మనవరాలికి పెళ్లిలో ఇచ్చిన దీవెనలతో పాటు ఈ మాట కూడా చెప్పాను, పక్కనున్నవాళ్లు నవ్వినా సరే.

ఐరన్ మాత్ర వేసుకునే తీరు కూడా చెప్పాలి. టీ, కాఫీలతో వేసుకుంటే వాటిలోని పదార్థాలు ఇనుమును పట్టేసి పేగుకు అందనివ్వవు. గంట, రెండు గంటలు ఎడం ఉండాలి. క్యాల్షియం మాత్రను దీనితో కలిపి వేసుకోకూడదు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. నిమ్మకాయ నీళ్లో, జామ ముక్కో తోడైతే ఇనుము బాగా ఒంటపడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడి ఆపేయకూడదు. మలబద్ధకం, వికారం వస్తే పడుకునే ముందు వేసుకుని చూడాలి, అప్పటికీ పడకపోతే డాక్టరును అడిగితే వేరే రకం ఇస్తారు, అవసరమైతే నరానికి ఎక్కిస్తారు. ఇంకో సంగతి. పచ్చి బియ్యమో, సుద్దో, మట్టో తినాలనిపిస్తుంటే అది చూలాలి ముచ్చటైన కోరిక అనుకుని వదిలేయకండి. చాలాసార్లు అది ఇనుము తగ్గిందని ఒళ్లు చెప్పడం.

కాన్పు తరవాత ఇదంతా వెనక్కి తిరుగుతుంది. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి బిగుసుకుని, అక్కడి రక్తమంతా ఒక్కసారిగా తల్లి గుండెకు చేరుతుంది. గుండె జబ్బున్న తల్లికి ఆ గంటలే గండం. బొడ్డుతాడును వెంటనే కత్తిరించకుండా ఒక నిమిషమైనా ఆగితే, మావిలో మిగిలిన నెత్తురు బిడ్డకు చేరి కొన్ని నెలలకు సరిపడా ఇనుము వెంట వస్తుంది. తరవాతి రోజుల్లో దాచిన నీళ్లన్నీ మూత్రంగా, చెమటగా పోతాయి. బాలింతకు రాత్రుళ్లు దుప్పటి తడిసేలా చెమట పోయడానికి కారణమదే. నిండు నెలల్లో కిలో ఉన్న గర్భసంచి ఆరు వారాల్లో మళ్లీ డెబ్బై గ్రాముల దగ్గరికి వస్తుంది. అదనంగా పుట్టిన ఎర్ర కణాలు నాలుగు నెలల ఆయువు తీరాక విరిగి, వాటిలోని ఇనుము తిరిగి నిల్వకు చేరుతుంది. కాన్పులో పోగా మిగిలినది మాత్రమే.

ఇక్కడే మన ఇళ్లల్లో జరిగే పొరపాటు నన్ను బాధపెడుతుంది. బాలింత పథ్యం పేరుతో ఆకుకూరలు, పప్పు, పండ్లు ఆపేసి, నీళ్లు గుక్కెడు గుక్కెడు కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాన్పైంది కదా అని మాత్రల పట్టీ అటక మీదికి వెళ్తుంది. నెత్తురు పోగొట్టుకుని, పాలిస్తున్న మనిషికి ఇనుము నింపుకోవాల్సిన సమయమే అది. నీళ్లు దాహమైనంత తాగాలి, ఆకుకూర మానకూడదు. ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణికి నాలుగో నెల నుంచి 180 రోజులు ఇచ్చే అదే ఎర్ర మాత్రను, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోమన్నది అందుకే. రెండో పట్టీ గురించి ఎవరూ అడగరు గనక, కావాలని మనమే అడిగి తీసుకోవాలి.